మా అమ్మ గదికి నేను వేసిన ఇటికల లెక్క

యాభై ఏళ్ళు దాటింది, మా వాళ్ళలో ఒక్కరైనా నన్ను ఒక గోడ గురించి గాని, ఒక పునాది గురించి గాని ఎగతాళికి తప్ప ఒక్క మాట అడగలేదు. బతుకంతా ఇటికలు లెక్కపెట్టి తిన్నవాణ్ణి నేను. విరుదునగర్‌లో రైలు స్టేషను పక్కన నిలబడి ఏ పత్తి గిడ్డంగికి ఎన్ని వేల ఇటికలు పట్టాయో, ఎన్ని బండ్ల సున్నం పోసి కట్టామో ఈనాటికీ వేలు చూపించి చెప్పగలను. అయినా మా ఇళ్ళల్లో ఎవరు కట్టడం మొదలుపెట్టినా నాకు కబురు అందేది గృహప్రవేశం భోజనానికే. నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు తెలుస్తుంది, పనికిరాడని ముద్ర వేసి పక్కన పెట్టటం కన్నా ఆ ముద్ర వేయటానికి కారణమైన సంగతి తప్పుడు సంగతి కావటం ఎంత మంటో.

పోయిన నెల మా ఊరు వెళ్ళాను, పిలవకుండానే. మాది అరవ దేశంలో కోవిల్పట్టి నుంచి విళాత్తికుళం పోయే దారిలో నల్లరేగడి పొలాల మధ్య ఉన్న ఊరు. అక్కడ మా పెదనాయన కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు, నేను అన్న అని పిలిచేవాడు, ఇంకా గట్టిగానే ఉన్నాడు. అతని మనవడు ఇల్లు పెంచుతున్నాడని తెలిసి వెళ్ళాను. కోవిల్పట్టి నుంచి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు టేపు పట్టుకుని కొలతలు రాసుకుంటున్నాడు. ఇటికలు ఎన్ని పడతాయని మనవడు అడిగేసరికి నేను నోరు తెరిచాను. అంతే, పదేళ్ళ పిల్ల ఒకతె, నాకు మునిమనవరాలి వరస, "తాతా, నువ్వు చెప్పొద్దు, కురచ పడిపోతాయి!" అంది. ఇల్లంతా నవ్వింది. ఆ సంగతి జరిగిన నాటికి వాళ్ళల్లో చాలామందికి అమ్మానాయనలు కూడా పుట్టలేదు. అన్న కూడా భుజాలు కదిలేలా నవ్వాడు. నేను అన్నం తినకుండా బస్సెక్కాను. అప్పటినుంచి కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. ఎందుకంటే వాళ్ళు ఈసారి పడగొట్టబోయేది ఆ గదినే, నేను లెక్కవేసిన గదిని. అది పోతే నా మాట రుజువు చేయటానికి నేల మీద ఏమీ మిగలదు.

మా నాయన పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఉమ్మడి ఇల్లు, పెదనాయన పెద్ద. ఆరడుగుల మీద మూడంగుళాలు ఎత్తు మనిషి, నిలబడి చేతులు వదిలేస్తే వేళ్ళు మోకాళ్ళను తాకుతాయేమో అనిపించేది. అమ్మకు ఆ ఇంట్లో ఉన్న చోటల్లా వంటింటికీ పత్తి పోసే కొట్టుకూ నడుమ ఉన్న సందు. ఒక చాప, ఒక పెట్టె. పత్తి దిగే నెలల్లో మూటలు ఆ సందులోకి కూడా పొర్లుకొచ్చేవి, అప్పుడామె చాప చుట్టుకుని పశువుల కొట్టం కొసకు పోయేది. ఒక్కనాడూ ఎవరినీ ఏమీ అనలేదు. గోడు చెప్పుకోవటం ఆమెకు చేతకాలేదు. ఆమె మిగిల్చిన ఆ పని అప్పటినుంచి నేను చేస్తున్నాను.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో, నాకు ఇరవై నిండిన ఏట, నేను విరుదునగర్‌లో ఒక కట్టడాల మేస్త్రీ దగ్గర లెక్కలు రాసే పనిలో ఉన్నాను. ఆ ఊరికి పేరు మారి అప్పటికి పదేళ్ళు కావస్తున్నా మా ఊళ్ళో అందరూ విరుదుపట్టి అనే అనేవాళ్ళు. మా ఇళ్ళల్లో తెలుగు నోటితో మాట్లాడటమే గాని చదవటం ఎవరికీ రాదు. ఈ రాస్తున్న అక్షరాలు కూడా ఆ మేస్త్రీ దగ్గర ఉన్న నెల్లూరు గుమాస్తా ఒకాయన సాయంత్రాలు సున్నపు గానుగ గట్టు మీద కూర్చోబెట్టి నేర్పినవే. మేస్త్రీ మాత్రం నాకు ఇటిక నేర్పాడు. గోడను ముందు కాగితం మీద కట్టు, తరువాత నేల మీద కట్టు అనేవాడు. నూరు ఘనపుటడుగుల గోడకు పన్నెండు నూర్ల ఇటికలు. మూల రెండుసార్లు లెక్కకు రాకుండా చూసుకో, తలుపునూ కిటికీనీ తీసేయ్, విరుగుడు కింద నూటికి అయిదు కలుపు. ఇటిక వైప్పారు ఏటి ఒడ్డు బట్టీలదే కావాలి, రేగడి మన్నుతో కోసిన ఇటిక కాలకముందే నెర్రెలిస్తుంది. పునాది రేగడిలో ఆపకూడదు, కింద తెల్ల సుద్ద గట్టి తగిలేదాకా తవ్వి ఇసుక పోసి రాయి పెట్టాలి. ఇవన్నీ నాకు పాఠాల్లా వచ్చు. ఈనాటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ఎవరైనా అడిగితే.

ఆ ఏడు అమ్మ తన కాసులపేరు అమ్మింది. పెరటి గోడను ఆనించి తనకొక గది వేయించుకుంటానని పెదనాయనను అడిగింది. ఆమె ఆ ఇంట్లో నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నలుగురు పెద్దల ముందు పెదనాయన సరేనన్నాడు, గది ఆమెదేనన్నాడు. లెక్క నేను వేస్తానన్నాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తాపీ పనివాణ్ణి మేము కొత్తనారు అనేవాళ్ళం. కొత్తనారు దగ్గర అడుగుబద్ద ఉండేది కాదు. ముహూర్తం నాడు ఆ ఇల్లు ఎవరిదో వాళ్ళ మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక కోల కోసేవాడు. అదే ఆ ఇంటి మూరకోల. పొడుగు, వెడల్పు, ఎత్తు, అన్నీ దానితోనే. కోల ఎవరి చేతికి కోస్తే ఇల్లు వాళ్ళదని లోకం ఎరుగును. పత్రాలు, రిజిస్ట్రీలు పొలాలకే గాని పెరట్లో వేసే గదులకు ఎవరు రాయించారు? అమ్మ విధవ, ముహూర్తానికి ఎదురుగా నిలబడకూడదు కాబట్టి కొడుకు మూర చెల్లుతుందని కొత్తనారే చెప్పాడు. దీపావళికి నేను ఇంటికి వచ్చినప్పుడు నా చెయ్యి చాపమని దారంతో కొలిచి చూశాడు. ఆ దారాన్ని తీసుకుపోయి మేస్త్రీ ఇనప స్కేలు మీద పరిచాను. సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు.

ఎనిమిది మూరల పొడుగు, ఆరు మూరల వెడల్పు, ఆరు మూరల ఎత్తు. ఒక వైపు పాత గోడ ఉంది కాబట్టి కొత్తవి మూడు గోడలు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని వేశాను. మూడు వేల ఎనిమిది వందల ఇటికలు వచ్చింది. కాగితం మీద కొలతలన్నీ మూరల్లోనే రాశాను, ఇంట్లో వాళ్ళకు అర్థం కావాలని. ఎవరి మూరో రాయలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరైనా రాస్తారా? నా తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే, అది నేను ఎప్పుడూ ఒప్పుకుంటూనే ఉన్నాను. నేను ఒప్పుకున్న సంగతి కూడా ఎవరూ చెప్పరు.

కోల ముహూర్తం నాడే కోయాలి, ఆనాటికి నేను ఉండాలి. మేస్త్రీ సెలవు ఇస్తానని మాట ఇచ్చాడు. తీరా రెండు రోజుల ముందు, మిరపకాయల వర్తకుడొకాయన తన గిడ్డంగి గోడ ఒరిగిందని గొడవకు వచ్చాడు. మేస్త్రీ నా సెలవు మాట మరిచిపోయినట్టు మొహం పెట్టి, నీ కన్నా ఆ గోడ ముఖ్యమన్నాడు. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు. కొత్తనారు దీపావళి నాడే అని ఉన్నాడు, మనిషి రాలేకపోతే అతను కోసి పంపిన కోల కూడా చెల్లుతుందని. అందుకని వేప కొమ్మ ఒకటి నరికి, నా మోచేతికి ఆనించి కోసి, పసుపు పూసి, కోవిల్పట్టి పత్తి పేటకు పోతున్న బండివాడికి ఇచ్చాను. మా అన్న ముహూర్తానికి ముందు రోజు ఆకువక్కలు కొనటానికి పేటకు వస్తాడని తెలుసు. బండివాడు తిరిగివచ్చి చెప్పిన మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. "మీ అన్న చేతిలోనే పెట్టినాను సామీ. సరి అని తువ్వాల్లో సుట్టుకున్నాడు. నాకు ఆకువక్క కూడా ఇచ్చినాడు."

మూడు వారాలకు ఒక కార్డు వచ్చింది. ఇటికలు చాలలేదు, వచ్చి చూడు అని. ఆ ఆదివారం రైలెక్కి కోవిల్పట్టిలో దిగి, బండి దొరక్క ఎండలో సగం దారి నడిచి ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో ఊరి వాళ్ళు ఇరవై మంది ఉన్నారు. గోడలు ఇంకా రెండున్నర అడుగులు లేవవలసి ఉండగా ఆగిపోయి ఉన్నాయి. కొత్తనారు తాపీ కడుక్కుని ఒక పక్కన కూర్చున్నాడు. పెదనాయన ఇసుక కుప్ప మీద కూర్చుని నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"రా రా, విరుదుపట్టి దొరా! మూడు వేల ఎనిమిది నూర్లు పోదుమన్నావే. చూడు, తల లేని మొండెం మాదిరి నిలబడి ఉండాది."

పోదుమంటే మా వైపు మాటలో చాలునని. సంచిలోంచి మేస్త్రీ టేపు తీసి గది లోపల పొడుగు పట్టాను. పద్నాలుగు అడుగులు. మళ్ళీ పట్టాను. పద్నాలుగే. వెడల్పు పదిన్నర. నా లెక్క పన్నెండు అడుగులకు, తొమ్మిది అడుగులకు. తప్పు దొరికింది, అది నాది కాదు.

"పెదనాయనా, ఇది పద్నాలుగు అడుగులు ఉండాది. నేను రాసింది పన్నెండు."

"అడుగులు గిడుగులు నీ గొడౌన్లో పెట్టుకో. కాగితంలో ఏమి రాసినావు? ఎనిమిది మూరలు. కేట్టుకోండప్పా, అందరూ వినండి, ఎనిమిదే ఉండాయా లేదా!"

అని లేచి వచ్చి, తన మోచెయ్యి గోడకు ఆనించి, ఒకటి, రెండు అంటూ వంగి నడుస్తూ, ఎనిమిదో మూర దగ్గర గోడ మూల మీద అరచేత్తో చరిచాడు. పెరడంతా గొల్లుమంది. అతని మూర ఇరవై ఒక్క అంగుళాలు. లెక్క వేసి చూడండి, చదివేవాళ్ళలో ఎవరికైనా ఓపిక ఉంటే. పొడుగులో ఆరో వంతు ఎక్కువ, ఎత్తులో ఆరో వంతు ఎక్కువ. రెండూ కలిస్తే గోడ మూడో వంతుకు పైగా పెరుగుతుంది. మూడు వేల ఎనిమిది వందల ఇటికలు ఎక్కడిదాకా రావాలో సరిగ్గా అక్కడిదాకా వచ్చి ఆగాయి. నా లెక్క అంత బాగా సరిపోయిన రోజు నా జన్మలో మళ్ళీ లేదు.

నా కోల ఏమైందని అడిగాను. ఏ కోల, కోల ఏదీ రాలేదే అన్నాడు పెదనాయన. మనిషి రాలేదు, కోల రాలేదు, ముహూర్తం ఎవరికోసం ఆగుతుంది, ఇంటి పెద్దను కాబట్టి నా చెయ్యి చాచాను అన్నాడు. అన్న వైపు చూశాను. అతను పాత గోడను ఆనుకుని, కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీస్తున్నాడు.

అమ్మ తలుపు వెనకనుంచి, "పోనీరా, పెద్ద గది అయితే మంచిదే గదా" అంది. పాపం, ఆమెకు అది మంచివార్తే అనిపించింది.

వారం తిరగకుండా పెదనాయన తన పత్తి కొట్టం కోసం తెప్పించి పెట్టుకున్న ఇటికల్లోంచి పదమూడు నూర్లు తీయించి గోడలు పైకి లేపించాడు. కప్పు పడింది. ఆ మాసి నెలలో, శివరాత్రి నాటికి, పత్తి దిగగానే మూటలన్నీ నేరుగా కొత్త గదిలోకి వెళ్ళాయి. నేను అడిగితే గోడలో ఆ ఇటికలు చూపించి, "నా మూర, నా సెంగల్లు. గది ఎవరిదని ఇంకా కేళ్వి అడుగుతావా?" అన్నాడు. పెద్దలు నలుగురూ ఉన్నారు. ఒక్కడూ పెదవి విప్పలేదు. అమ్మ చాప మళ్ళీ సందులోకే వచ్చింది.

కొత్తనారు మాత్రం నేను తిరిగి పోతుంటే ఊరి చివరిదాకా వెంట నడిచాడు. "తంబీ, నీ కనక్కులో, నీ లెక్కలో తప్పు లేదు. ఈ మాట పెద్దాయన ముందర అన్నానంటే రేపటినుంచి ఈ ఊర్లో నా తాపీకి పని ఉండదు. నాకు నలుగురు బిడ్డలు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు అని రాయాలని ఉంది గాని, రాయలేను. నలుగురు బిడ్డలు ఉన్నవాళ్ళు కూడా ఒక్క మాట అనవచ్చు.

ఆ తరువాత నా పేరే మారిపోయింది. కురచ లెక్క అన్నారు. పెళ్ళిళ్ళలో ఆకులు తెప్పించేవాడు, వీణ్ణి అడగబాకండి, ఆఖరు పంక్తి చేతుల్లో తినాల్సి వస్తుంది అనేవాడు. నా పెళ్ళిలో మా మామగారి తమ్ముడు తాళిబొట్టు దారం చాలుతుందా, వరుడు కొలిచాడా ఏమిటి అని నవ్వించాడు. ఒట్టపిడారంలో ఒక దూరపు చుట్టం ఇల్లు కడుతూ నన్ను పిలిపించి, లెక్క వేయించుకుని, నా ముందే దాన్ని చించి పొయ్యిలో పెట్టాడు. ఆ ఇల్లు కట్టిన మూడో వానకే పగిలింది, పునాది సుద్ద దాకా తవ్వలేదు కాబట్టి. ఆ పగులును చూపించి ఎవరైనా నాకు ఒక మాట చెప్పారా? లేదు.

అమ్మ ఆ ముప్పైల చివర్లోనే పోయింది. ఆ సందులోనే, చాప మీదనే. పోయే ముందు ఒక మధ్యాహ్నం, పక్కన కూర్చుని విసురుతుంటే, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు అంది. "ముహూర్తానికి ముందు రోజు మీ అన్న పేటనుంచి వచ్చినాడు గదా. సంకలో తువ్వాల సుట్ట ఉండింది. పసుపు వాసన వచ్చిందిరా. నేను ఏమని అడగలేదు."

అంతే. మళ్ళీ అడిగితే కళ్ళు మూసుకుంది. ఆమె నిజంగానే ఆ వాసన పట్టిందా, లేక నా మొహం చూసి నన్ను ఊరడించటానికి అలా అందా, ఇన్నేళ్ళూ నన్ను నిలవనీయనిది ఇదే. నా లెక్క సరైనదని నాకు తెలుసు, దానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. కానీ కోల వచ్చి ఉంటే, వచ్చిన కోలను దాచి ఉంటే, ఆ గది అమ్మదని ఆ రోజు ఆ పెరట్లో ఒక మనిషికి తెలిసి ఉండాలి. తెలిసి ఆమెను సందులో పడుకోనిచ్చి ఉండాలి. రాకపోయి ఉంటే, మా పెదనాయనను ఇన్నేళ్ళు అన్యాయంగా తిట్టుకున్నది నేను. అప్పుడు తప్పు బండివాడిది, మేస్త్రీది, ఆ ఒరిగిన గోడది. ఏదైనా సరే, నాకు తెలియాలి.

ఇప్పుడు ఆ కుర్ర ఇంజనీరు టేపు పట్టేటప్పుడు ఎవరి చెయ్యీ చాపమని అడగలేదు. ఊరి మొత్తానికి ఒకే అడుగు, పెద్దవాడికీ విధవకూ ఒకే అంగుళం. ఇది మంచి కాలం, నేను కాదనను. అప్పుడే ఇది వచ్చి ఉంటే అమ్మ తన గదిలో ఒక ఆరేడేళ్ళు పడుకుని ఉండేది. అయినా ఆ కాగితాన్ని నేను తొంగి చూశాను. అందులో హాలు ఉంది, పడక గది ఒకటి, పడక గది రెండు ఉన్నాయి. ఏ గది ఎవరికో ఎక్కడా లేదు. మా రోజుల్లో ఆ ప్రశ్న ముందు అడిగేవాళ్ళు, ఆ తరువాతే మోసం చేసేవాళ్ళు. ఇప్పుడు అడగటమే మానేశారు. ఏది మెరుగో చెప్పే తెలివి నాకు లేదు.

అన్నకు తెలుగు చదవటం రాదు. అందుకని ఇది అచ్చయి నా చేతికి వచ్చిన రోజున నేనే బస్సెక్కి వెళ్ళి, అతని ఎదురుగా కూర్చుని, మొదటినుంచి చివరిదాకా బిగ్గరగా చదువుతాను. మూడు ఉత్తరాలు అరవంలో రాశాను, జవాబు లేదు. రెండుసార్లు మొహం మీదే అడిగాను. ఒకసారి చెవి వినబడనట్టు గొడ్ల వైపు చూశాడు. రెండోసారి, "తిన్నావా?" అన్నాడు.

అన్నా, నీకు డెబ్బై ఆరు, నాకు డెబ్బై నాలుగు. ఆనాటి పెద్దలు లేరు, కొత్తనారు లేడు, మీ నాయన లేడు, మా అమ్మ లేదు. కోవిల్పట్టి పత్తి పేట వాకిట్లో బండివాడు నీ చేతిలో నా కోల పెట్టాడా, లేదా? పెట్టి ఉంటే పెట్టాడని చెప్పు. లేకుంటే లేదని చెప్పు. ఏది చెప్పినా నేను లేచి వెళ్ళిపోతాను, ఇంకెప్పుడూ అడగను. కానీ ఈసారి మాత్రం నన్ను తిన్నావా అని అడగకు.